పెన్ను వేలంలో ఒకటో నంబరు మనిషి

ముందే చెప్పేస్తున్నాను, వేలంలో నేనే గెలిచాను. గెలిచి ఇంతగా కుమిలిపోయిన మనిషిని మీరు ఎక్కడా చూసి ఉండరు. టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి. మధ్యలో మాత్రం నవ్వకండి. ఒకసారి ఆపితే ఎక్కడ ఆపానో మళ్ళీ గుర్తు రాదు నాకు.

మా ఆయన పెన్ను సంగతి మీకు తెలుసు కదా. ముదురాకుపచ్చ రంగు, బంగారు రంగు క్లిప్పు, తోక తిప్పితే సిరా పీల్చుకునే రకం. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నారు. ఆఫీసు ఫైళ్ళ మీద, కొడుకు ప్రోగ్రెస్ రిపోర్టుల మీద, ఇంటి కాగితాల మీద, జీవితమంతా దాంతోనే సంతకం. రిటైరై ఇన్నేళ్ళైనా పాలవాడి కార్డు మీద కూడా దాంతోనే రాస్తారు. ఆ పెన్ను ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. నేను తప్ప.

ఈ ఎండాకాలం ఆవకాయ పెట్టాక, ఏ జాడీ ఏదో తెలియాలి కదా అని కాగితాలు అంటిద్దామనుకున్నాను. ఇది వెల్లుల్లి వేసింది, ఇది వేయనిది, ఇది కారం తక్కువ అని. రాయడానికి బాల్‌పెన్ను వెతికితే దొరకలేదు. మా ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తున్నారు. టేబుల్ మీద ఆకుపచ్చ పెన్ను ఉంది. నూనె చెయ్యి కొంగుకు తుడుచుకుని తీసుకున్నాను. రాశాను. అంటించాను. ఇంతవరకు నిన్ననే జరిగినట్టు కళ్ళకు కడుతుంది. ఆ తర్వాత తెర పడిపోయింది. పెన్ను టేబుల్ మీద తిరిగి పెట్టానా లేదా? ఎంత ఆలోచించినా కాగితాలూ జాడీలూ కనబడుతున్నాయి కాని, పెన్ను పట్టుకున్న నా చెయ్యి ఎటు పోయిందో కనబడటం లేదు.

కొన్నాళ్ళకు టేబుల్ తుడుస్తుంటే చూశాను. పెన్ను లేదు.

పెన్ను పోతే ఇంత బాధ ఏమిటి అంటారేమో. బాధ పెన్ను గురించి కాదు. ఉగాది ముందు పాలు పొయ్యి మీద పెట్టి లైబ్రరీకి పోయాను. గిన్నె మాడి బొగ్గైంది. ఆ తర్వాత ఇంటి తాళంచెవి ఫ్రిజ్‌లో కరివేపాకు డబ్బాలో దొరికింది. మా కోడలు రజిత మంచి పిల్ల, ఒక్క మాట అనలేదు. పొయ్యి పైన గోడకు ఒక కాగితం మాత్రం అంటించింది. ‘గ్యాస్ బంద్ చేసిన్రా?’ అని, లావు అక్షరాలతో. కింద ఒక నవ్వు మొహం బొమ్మ కూడా వేసింది, నేను బాధపడకూడదని. ఆ నవ్వు మొహం చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

ఒకరోజు వంటింట్లో బియ్యం ఏరుతుంటే పక్క గదిలో మావాడితో రజిత అంటున్నది నా చెవిన పడింది.

“ఇంకొక్కసారి ఏమన్న అయితే అత్తమ్మను డాక్టరుకు చూపిద్దాం. బీరువా తాళాలు నేను తీస్కుంట. పాపం, ఆమెకు గూడ జర రెస్టు ఉంటది.”

ప్రేమతోనే అంది. అదే భయం నాకు. కోపంతో అంటే పోట్లాడవచ్చు. ప్రేమతో తాళాలు అడిగితే ఇవ్వక ఏం చేస్తాం? ఈ గుత్తి మా అత్తగారి నడుము నుంచి నా నడుముకు వచ్చింది. అది తీసి ఇచ్చిన రోజు నుంచి నేను ఆ ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టే మనిషిని. అందుకే ఆ ‘ఇంకొక్కసారి’ రాకూడదు. పెన్ను పోయిన సంగతి బయట పడకూడదు.

వెతికాను. పరుపుల కింద, పప్పుల డబ్బాల్లో, దేవుడి గూట్లో. చివరికి నూనెలో పడిందేమోనని గరిటె పెట్టి ఆవకాయ జాడీ అడుగు దాకా కలిపాను. ఏం దేవులాడుతున్నరత్తమ్మా అని రజిత అడిగితే, ముక్క ఊరిందో లేదో చూస్తున్న అన్నాను. మూడు జాడీలూ చూడాల్నా అంది. అన్నీ ఒక్కతీరు ఊరయి కదా అన్నాను.

మా ఆయన మాత్రం పెన్ను గురించి నోరెత్తలేదు. పాలకార్డు మీద నీలం బాల్‌పెన్నుతో రాస్తున్నారు. ఒకరోజు మంచం కిందికి వంగి కనబడితే ఏం పోయిందని అడిగాను. కళ్ళద్దాలు అన్నారు. కళ్ళద్దాలు ఆయన ముక్కు మీదే ఉన్నాయి. నవ్వుకునే తీరిక కూడా లేదు నాకప్పుడు. పెన్ను పోయిందని ఆయనకు తెలిసిపోయింది, నా పరువు కోసం ఊరుకున్నారు అనుకున్నాను. ఆ జాలి భరించడం ఇంకా కష్టం.

నేను బడిలో చదివింది ఎనిమిది దాకా, మిగతాదంతా చిక్కడపల్లి లైబ్రరీలో. అక్కడే ఒక పేపరులో చూశాను, కంప్యూటరులో పాత వస్తువులు వేలం వేస్తారట. గడియారాలు, గ్రామఫోన్లు, సిరా పెన్నులు. ఎవరైనా పాట పాడవచ్చు, గెలిస్తే వస్తువు ఇంటికి పంపిస్తారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అలాంటి పెన్నే ఇంకొకటి కొని టేబుల్ మీద పెట్టేస్తే సరి. పోయింది లేదు, దొరికింది లేదు.

ఇంట్లో కంప్యూటరు ఉంది, కాని అది మావాడిది. అందుకని అశోక్‌నగర్‌కు నడిచాను. అక్కడ గల్లీకో కోచింగ్ సెంటరు, కోచింగ్ సెంటరుకో నెట్ సెంటరు. ఒకదాంట్లో దూరాను. లోపలంతా ఉద్యోగాలకు అప్లికేషన్లు పెట్టే పిల్లలు. ఆ సెంటరు చూసుకునే కవిత అనే అమ్మాయి కీబోర్డు మీద నుంచి తల ఎత్తకుండానే అడిగింది.

“ఏ పోస్టుకు ఆంటీ?”

పోస్టు కాదమ్మా, పెన్ను అన్నాను. అప్పుడు తల ఎత్తింది. చెప్పింది విని, మంచి పిల్ల, వెతికి పెట్టింది. ఉంది. అచ్చు మా ఆయన పెన్నే. ఆ ఆకుపచ్చ, ఆ క్లిప్పు. తెర మీద చెయ్యి పెట్టి తడిమాను. వేలిముద్రలు పడతయ్ ఆంటీ అంది.

పాట పాడాలంటే ముందు పేరు నమోదు కావాలట. ఇక్కడే నా కొంప మునిగింది. ఆ అమ్మాయికి అన్నీ అప్లికేషన్లే. సర్టిఫికెట్ల పేరు ఎట్లుందో గట్లనే చెప్పున్రి, తేడా వస్తే రిజెక్ట్ అయితది అంది. రిజెక్ట్ అనేసరికి భయం వేసింది. నాకున్న ఒకే ఒక సర్టిఫికెట్ బడి వదిలినప్పుడు ఇచ్చిన టీసీ. అందులో నా పేరు సుభద్ర.

మీలో చాలామందికి ఈ సంగతి తెలియదు. నేను పుట్టింట్లో సుభద్రను. మా అత్తగారి పేరు కూడా సుభద్రే. కన్నతల్లి పేరుతో పెళ్ళాన్ని ఎట్లా పిలుస్తాడు, అత్త పేరు పెట్టి కోడలిని ఎట్లా కసురుకుంటారు అని పెళ్ళిపీటల మీదే నన్ను వసుంధరను చేశారు. రేషన్ కార్డు, ఓటరు కార్డు, బ్యాంకు అన్నీ వసుంధరే. సుభద్ర అని పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. మా అమ్మ పోయాక ఆ పేరు నేనే మరిచిపోయాను. ఆ రోజు ఆ నెట్ సెంటర్‌లో సుభద్ర అని నా నోటితో నేనే చెప్పుకుంటే, ఎవరో చుట్టాలమ్మాయి పేరు చెప్పినట్టు అనిపించింది.

పేరు అయింది, ఇంటి నంబరు అయింది, ఇంటి ఫోను నంబరు అయింది. లోకలా నాన్‌లోకలా అని అడగలేదు, అదొక్కటే తక్కువ. మెయిలు కూడా తనే తెరిచింది. మర్చిపోకుండ ఉండే పాస్‌వర్డ్ పెట్టున్రి అంటే మా ఆయన పుట్టినరోజు పెట్టాను. చివరికి మ్యాగ్జిమం ఎంత అంది. అంటే ఏమిటి అన్నాను. మీరు ఎక్కడిదాకా పోతారో ఆ అంకె కొట్టి పెడితే చాలు, ఎవరన్నా పాట పెంచితే మీ తరఫున కంప్యూటరే కొంచెం కొంచెం పెంచుకుంటూ ఆ అంకె దాకా పోతుంది, మీరు కూర్చుని చూసే పని లేదు అని వివరించింది. పాట వెయ్యి దగ్గర మొదలట. గాజులు మార్పించుకుందామని నేను దాచుకున్నది ఎనిమిది వేలు. అంతా కొట్టమన్నాను. గాజులు లేకపోతే ఏం, తాళాలు ఉంటాయి.

కవిత బటన్ నొక్కింది. నొక్కిన ఆ క్షణమే కరెంటు పోయింది. తెర నల్లబడింది, ఫ్యాను ఆగింది, పిల్లలంతా ఒక్కసారి హో అన్నారు.

“మీ పాట పోలేదనుకుంట ఆంటీ. రేపు రాండ్రి, మళ్ల కొడదాం.”

రేపు బంద్. ఈ ఉద్యమం రోజుల్లో బంద్ అంటే తెలుసు కదా, అశోక్‌నగర్‌లో ముందు మూతపడేది నెట్ సెంటర్లే, పిల్లలంతా రోడ్డు మీదే ఉంటారు. ఆ తర్వాత రోజు పోతే షట్టరు మీద కాగితం. కవిత తనే ఏదో పరీక్ష రాయడానికి పోయిందట. వేలం ఆదివారం మధ్యాహ్నానికి ముగిసిపోతుంది.

దిక్కుతోచక మేడమీద కిరాయికి ఉండే సత్యవతి గారి దగ్గరికి పోయాను. కాకినాడ వైపు వాళ్ళు, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ల్యాప్‌టాప్ ఉంది. మనసులో మాట కడుపులో దాచుకునే మనిషి. పాత పెన్నులంటే ఇష్టమని చెప్పాను, అసలు సంగతి చెప్పలేదు. ఆవిడ సైటు తెరిచి పాస్‌వర్డ్ అడిగారు. మా ఆయన పుట్టినరోజు చెప్పాను. తీసుకోలేదు. ఆయనకు పుట్టినరోజులు రెండున్నాయి, బడిలో వేయించింది ఒకటి, నిజంగా పుట్టింది ఒకటి. రెండోది చెప్పాను. అదీ తీసుకోలేదు. అంకెలు వెనక్కీ ముందుకూ తిప్పి కొట్టాం. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడు ఎప్పుడు పుట్టాడో కూడా తెలియని దాన్నయ్యానని అక్కడే కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

“అయ్యో, దానికి ఏడుస్తారేంటండీ వసుంధర గారూ. నా పాస్‌వర్డ్ నేనే రెండుసార్లు మార్చాను. కొత్త అకౌంటు తెరుద్దాం ఉండండి.”

తెరిచారు. పేరు అడగలేదు, ఆవిడకు తెలిసిన పేరే కొట్టారు. మెయిలు ఆవిడదే, ఫోను ఆవిడ సెల్లుదే, ఇంటి నంబరు ఇద్దరికీ ఒకటే. ఎంత తేలిగ్గా అయిపోయిందో అని సంతోషించాను.

ఆదివారం పొద్దున, సత్సంగానికి పోతున్నానని చెప్పి మెట్లెక్కాను. అది అబద్ధం కూడా కాదు, సత్యవతి గారితో సాంగత్యమే కదా. ఆవిడ ఉప్మా పెట్టారు. తెర మీద చూస్తే నా పెన్ను మీద అప్పటికే ఎవరో పాట పెట్టి ఉన్నారు. పేరు చూపించరట, పాటగాళ్ళకు నంబర్లే. ఒకటో నంబరు మనిషి. నేను రెండో నంబరు.

పన్నెండు వందలు అన్నాం. బటన్ నొక్కి వేలు తీయకముందే ఒకటో నంబరు పదమూడు వందలు. పదిహేను అన్నాం. పదహారు. నేను ఆలోచించుకుని, దేవుణ్ణి తలుచుకుని, సత్యవతి గారికి చెప్పి, ఆవిడ కళ్ళజోడు సర్దుకుని కొట్టేలోపు యుగం గడిచేది. వాడికి మాత్రం రెప్పపాటు చాలు. ఆలోచన లేదు, అలుపు లేదు. రెండు వేలకు నాకు చెమటలు పట్టాయి. మూడు వేలకు తిట్లు మొదలుపెట్టాను. వాణ్ణి కళ్ళతో చూసినట్టే ఉంది నాకు. ఏసీ గదిలో, అన్ని వేళ్ళకూ ఉంగరాలతో, పక్కన జీడిపప్పు పళ్ళెంతో కూర్చుని ఉంటాడు. అలాంటి పెన్నులు వాడి దగ్గర పెట్టె నిండా ఉంటాయి. ఒక ముసలమ్మ పరువు దక్కించుకుంటానంటే వాడికేం పోయింది?

“ఇతనికి ఇంకో పని లేదాండీ? మనం కొట్టడమే ఆలస్యం, కాచుకు కూర్చున్నట్టు మీద పడుతున్నాడు,” అన్నారు సత్యవతి గారు. ఆవిడ ఉప్మా కూడా ముట్టలేదు. అయిదు వేల దగ్గర మాత్రం చల్లగా చెప్పారు, వస్తువే కదా వదిలేయండి అని. వదిలేస్తే ఏం పోతుందో ఆవిడకు తెలియదు. కొట్టండి అన్నాను.

ఏడు వేలు. ఏడున్నర. వాడూ అక్కడే. ఎనిమిది వేలు అన్నాం. తెర మీద ఏదో ఎర్రగా వచ్చింది. సమానం అయిందట, ముందు పాడినవాడిదే పాట అట. అంటే వాడు కూడా సరిగ్గా ఎనిమిది వేలకే ఆగాడన్నమాట. నా దగ్గర ఇక లేదు. సత్యవతి గారు నా మొహం చూసి, ఇంకో వంద నేను వేస్తాలెండి అని కొట్టేశారు.

వాడు పలకలేదు. చూస్తూ కూర్చున్నాం. మధ్యాహ్నం అయింది, వేలం ముగిసింది. గెలుపు నాది. సత్యవతి గారు నా చేతులు పట్టుకుని ఊపేశారు. నాకు మాత్రం ఆ క్షణంలో ఎందుకో ఒకటో నంబరు మనిషి మీద జాలి కలిగింది. పాపం, తనూ దాచుకున్నదంతా పెట్టి ఉంటాడు. తనదీ ఏదో ఇలాంటి గతేనేమో అని నోటితో అన్నాను కూడా. ఎంత నిజం మాట్లాడానో అప్పటికి నాకు తెలియదు.

పెన్ను పార్సిలు మేడమీదికి వచ్చింది. అందంగా ఉంది, కాని తోక బిగుసుకుపోయి తిరగదు. మా ఆయన సిరా నింపబోతే దొరికిపోతాను. కొంగున ముడేసుకుని నారాయణగూడ పోయాను. చౌరస్తాకు ఇవతల పెన్నులు, గడియారాలు బాగుచేసే కరీం భాయ్ దుకాణం ఉంది. మా ఆయనకు ఎప్పటి నుంచో తెలిసిన దుకాణం. కరీం భాయ్ పెన్ను చేతిలోకి తీసుకుని, నన్ను చూసి, మళ్ళీ పెన్నును చూశాడు.

“ఇంకోటి గూడ ఉన్నదా అమ్మా? సార్ పెన్ను తయారై ఎన్ని దినాలాయె. సార్ వస్తనన్నడు, రాకపాయె.”

సొరుగు లాగి, కాగితంలో చుట్టిన పెన్ను నా ముందు పెట్టాడు. మా ఆయన పెన్ను. ఆవకాయలైన కొత్తలో సారే స్వయంగా వచ్చి ఇచ్చిపోయాడట. క్యాపులో నూనె దిగి సిరా పాడైంది, కడిగి పెట్టమన్నాడట. ఏ నూనెనో ఎర్రగ ఉండె అమ్మా అన్నాడు కరీం భాయ్.

అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. నేను మరిచిపోలేదు! ఆ రోజు పెన్ను టేబుల్ మీద తిరిగి పెట్టాను, బుద్ధిగా. మరిచిపోయింది ఆయన. దుకాణంలో ఇచ్చి, ఇచ్చిన సంగతి మరిచి, మంచాల కింద కళ్ళద్దాలు వెతుకుతున్నది ఆయన. కరీం భాయ్ చాయ్ తెప్పించాడు. ఇన్ని నెలల్లో నేను తాగిన మంచి చాయ్ అదే.

కొత్తదాని తోక కూడా సరిచేయించి, రెండు పెన్నులూ సంచిలో వేసుకుని చిక్కడపల్లి దాకా నడిచాను. ఆటో కూడా పిలవలేదు, దారిపొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకోవాలి కదా. సాయంత్రం అందరూ ఉంటారు. ముందు పెన్ను టేబుల్ మీద పెడతాను. ఇది ఎక్కడ దొరికిందో చెప్పుకోండి చూద్దాం అంటాను. తర్వాత రజితను ఆ కాగితం పొయ్యి మీద నుంచి తీసి మామయ్య టేబుల్ పైన అంటించమంటాను. నవ్వు మొహంతో సహా.

ఇంటికి వచ్చేసరికి అందరూ హాల్లోనే ఉన్నారు. చెప్పులు విడిచాను. గొంతు సవరించుకున్నాను. ఫోను మోగింది.

రజిత తీసింది. “సుభద్ర గారా? ఆమె లేదండి. చనిపోయి చాన ఏండ్లాయె.” కాసేపు విన్నది. “లేదండి, నిజంగనే. నేను ఈ ఇంట్లకు రాకముందే.” మళ్ళీ విన్నది. ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి మావైపు తిరిగింది. “అత్తమ్మా, మామయ్య వాళ్ల అమ్మ మొన్న ఆదివారం ఏదో పెన్ను వేలంల ఓడిపోయిందట.”

“మా అమ్మకు పెన్నెందుకు? వేలిముద్రనే ఏసేది గద,” అన్నారు మా ఆయన, టీ కప్పు పట్టుకుని.

ఫోను లాక్కున్నంత పని చేశాను. అవతల పెన్ను అమ్మిన ఆయన. గోదావరి వైపు మాట, మర్యాద తెలిసిన మనిషి.

“సుభద్ర గారు పోయారని తెలీదండీ, క్షమించాలి. మొన్న ఆదివారం దాకా చక్కగా పాట పాడారండీ.”

ఏమిటి సంగతి అన్నాను, గొంతు తగ్గించి. ఓడిపోయినవాళ్ళ నంబరు సైటువాళ్ళు ఇచ్చారట. ఆయన దగ్గర అచ్చు అలాంటి పెన్నే ఇంకొకటి ఉందట. సుభద్ర గారు ఎనిమిది వేల దాకా పోయారు కాబట్టి ఆవిడకు ఆ ధరకే ఇద్దామని ఫోను చేశాడట.

“చిత్రం ఏంటంటేనండీ, గెలిచినావిడదీ ఈ ఇంటి నంబరే. వసుంధర గారని. తోటికోడళ్ళా అండీ? ఒకరంటే ఒకరికి పడదా?”

అప్పుడు వెలిగింది నాకు. కవిత నొక్కిన బటన్ కరెంటు కంటే ముందు పోయింది. నెట్ సెంటరుకు కరెంటు పోయింది కాని, నా ఎనిమిది వేలు అప్పటికే ఊరు దాటిపోయాయి. నేను మేడమీద కూర్చుని ఒక్కో వందా పెంచుతుంటే, నా తరఫున కంప్యూటరు అక్కడ ఒక్కో వందా పెంచింది. ఉంగరాల వేళ్ళు, జీడిపప్పు పళ్ళెం అన్నీ నావే. నేను తిట్టిన తిట్లన్నీ నాకే. మీలో కొందరికి ఇందాకే తెలిసిపోయి ఉంటుంది, మీ మొహాలు చూస్తేనే తెలుస్తోంది. నాకు మాత్రం ఆ ఫోను వచ్చేదాకా తట్టలేదు.

వేరే ఎవరూ పాడలేదా అని అడిగాను, చివరి ఆశ.

“లేదండీ. మీ ఇంటివాళ్ళిద్దరే. వెయ్యికి పోతే చాలనుకున్నానండీ నేను.”

దేశం మొత్తం మీద ఆ పెన్ను ఎవరికీ అక్కరలేదు. ఒక్క సుభద్రకు, ఒక్క వసుంధరకు తప్ప.

రాంగ్ నంబర్ అని పెట్టేశాను. మావాడు, వేలం పేరు చెప్పి మోసం చేసేవాళ్ళు ఎక్కువైన్రు అని టీవీ పెట్టాడు. రజిత మాత్రం నన్నే చూస్తోంది. చనిపోయిన ఆమెకు ఫోను వస్తే నాకెందుకు చెమటలు పడుతున్నాయని కాబోలు. కూర్చోండ్రి అత్తమ్మా, టీ తెస్తా అని వంటింట్లోకి పోయింది.

దారిపొడుగునా కూర్చుకున్న మాటలు నోటి దాకా ఉన్నాయి. కాని ఎట్లా చెప్పను? కరీం భాయ్ దుకాణం సంగతి చెబితే, అక్కడికి ఎందుకు పోయావంటారు. కొత్త పెన్ను చూపించాలి. కొత్త పెన్ను ఎక్కడిదంటారు. వేలం చెప్పాలి. వేలం చెబితే సుభద్ర బయటికి వస్తుంది. ఆయన పెన్ను ఒకచోట ఇచ్చి మరిచిపోయారు, అంతే. నేను నన్నే మరిచిపోయాను. ఈ రెండూ పక్కపక్కన పెడితే తాళాలు ఎవరి దగ్గర తీసుకుంటారో నాకు తెలుసు.

ఆ ఆలోచనలో ఉండగా మా ఆయన నా పక్కకు జరిగారు. టీవీ మోతలో నాకొక్కదానికే వినబడేలా అన్నారు.

“వసుంధరా, నా పెన్ను కనబడ్తలేదు. చాన దినాలాయె. ఏడ పెట్టిన్నో ఎంత ఆలోచించినా యాదికొస్తలేదు. పిల్లలకు చెప్పకే.”

ఆ గొంతు నాకు తెలుసు. ఈ నెలలన్నీ నా లోపల వినబడిన గొంతు అదే. ఆయన చూపు వంటింటి గోడ మీది కాగితం వైపే ఉంది. నేను జాడీల్లో వెతుకుతున్నప్పుడు ఈయన మంచాల కింద వెతుకుతున్నారు. ఒకే ఇంట్లో, ఒకే పెన్ను కోసం, ఒకరికి తెలియకుండా ఒకరం. నా పరువు కోసం ఊరుకున్నారనుకున్నాను కదా, ఆయనకు తన పరువే దిక్కులేకుండా ఉంది.

సంచిలో చెయ్యి పెట్టి ఒక పెన్ను తీసి ఇచ్చాను. ఏది వచ్చిందో నాకు తెలియదు, చూసుకునే వీలు లేదు. పుస్తకాల సందుల పడి ఉండె, తుడుస్తుంటే దొర్కింది అన్నాను. ఆయన రెండు చేతులతో తీసుకున్నారు. క్యాపు విప్పి వాసన చూశారు.

“ఆవకాయ వాసన పోయింది. మంచిగైంది,” అన్నారు.

అంటే నేను వాడిన సంగతి ఆయనకు మొదటి నుంచీ తెలుసు. మరిచిపోనిది అదొక్కటే.

రజిత టీ తెచ్చింది. అత్తమ్మ ముఖం గట్లున్నదేంది అని అడిగితే, మీ అత్తమ్మనే నా పెన్ను దేవులాడి ఇచ్చింది, ఈ ఇంట్ల ఏ వస్తువు ఏడున్నదో ఆమెకే ఎరుక అన్నారు మా ఆయన, గట్టిగా, అందరికీ వినబడేలా. రజిత నా వైపు చూసిన చూపులో కొంచెం గౌరవం కనబడింది. తాళాలు నా నడుముకే ఉన్నాయి, చూడండి. పొయ్యి పైన కాగితం కూడా ఇంకా ఉందనుకోండి.

ఇక మిగిలింది బీరువాలో పట్టుచీర మడతలో ఉన్న రెండో పెన్ను. సత్యవతి గారు దాన్ని కూడా వేలానికి పెట్టేద్దాం, గాజుల డబ్బులు వెనక్కి వస్తాయి అంటున్నారు. నిజమే. దేశం మొత్తం మీద అలాంటి పెన్ను కొనే మనిషి ఇక సుభద్ర ఒక్కతే. ఎనిమిది వేల దాకా కళ్ళు మూసుకుని వస్తుంది, ఆమె సంగతి నాకు బాగా తెలుసు. కాకపోతే ఆమె పాస్‌వర్డ్ మరిచిపోయింది.